రంగేస్తే సగం ధరే!

అటక మీది ఇత్తడి గంగాళాన్ని దించి చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుంది. చూసినవాళ్లు ముచ్చటపడతారు. అదే అటక మీద ఓ పాత ఎలక్ట్రిక్ గిటార్ దొరికిందనుకోండి. మరకలున్నాయి కదా అని సానబట్టి, కొత్తగా రంగేయించారా... దాని ధర సగానికి పడిపోయినట్టే. అది 1959లో అమెరికాలోని ఓ చిన్న పట్టణంలో తయారైన 'లెస్ పాల్ స్టాండర్డ్' అయితే, ఆ సగం విలువే కోటి రూపాయలకు పైన!

ఆ పట్టణం పేరు కలమజూ.

పేరు వింటే ఎవరో సరదాకి పెట్టినట్టు ఉంటుంది. అమెరికన్లకూ అదే అనుమానం. అందుకే 'ఔను, కలమజూ నిజంగానే ఉంది' అని రాసిన టీషర్టులు అక్కడ అమ్ముతారు. షికాగోలో రైలెక్కితే మిషిగన్ సరస్సు దక్షిణపు కొసను చుట్టుకుని, దాదాపు రెండున్నర గంటల్లో ఇక్కడికి చేరుకోవచ్చు. దిగగానే గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. డెట్రాయిట్‌కూ షికాగోకూ దాదాపు సగం దారిలో ఉన్న ఈ ఊళ్లో జనాభా లక్ష కూడా లేదు. కానీ ఇక్కడ తయారుకానిదేమిటని అడగాలి. ఒకప్పుడు డచ్ వలసదారులు పండించిన సెలరీ కాడలతో 'సెలరీ సిటీ' అనిపించుకుంది. కాగితపు మిల్లులకు పేరు. పాత ఇంగ్లిష్ సినిమాల్లో కనిపించే ఉబ్బెత్తు చెకర్ టాక్సీలు 1982 దాకా ఇక్కడే తయారయ్యాయి. 2020 డిసెంబరులో ఫైజర్ కోవిడ్ టీకా తొలి ట్రక్కులు బయల్దేరింది కూడా ఈ ఊరిని ఆనుకుని ఉన్న పోర్టేజ్ నుంచే.

అన్నిటికీ మించి ప్రపంచంలో గిటార్ పట్టుకున్నవాళ్లందరికీ ఈ ఊరు తెలియడానికి కారణం ఒక చిరునామా. 225, పార్సన్స్ స్ట్రీట్. రైల్వేస్టేషన్‌కు ఉత్తరాన, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉంటుంది. 1917లో కట్టిన ఇటుకల భవనం, పక్కనే పొగగొట్టం. గిబ్సన్ కంపెనీ ఫ్యాక్టరీ ఇదే.

చెప్పుల కొట్టు గుమస్తా

ఆర్విల్ గిబ్సన్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, 1856లో. పొట్ట చేతపట్టుకుని కలమజూ వచ్చాడు. చెప్పుల కొట్టులో గుమస్తాగా పనిచేస్తూ, తీరిక వేళల్లో చెక్క చెక్కుతూ కూర్చునేవాడు. వయొలిన్ మాదిరిగా పైపలకను ఉబ్బెత్తుగా చెక్కి మాండొలిన్ చేస్తే నాదం బాగుంటుందని ఆయన నమ్మకం. ఆ పద్ధతికి 1898లో పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. 1902లో ఊళ్లోని అయిదుగురు పెద్దమనుషులు పెట్టుబడి పెట్టి ఆయన పేరుతో కంపెనీ ప్రారంభించారు. ఆయన 1918లో పోయాడు. కరెంటు గిటార్ అనే మాట కూడా వినకుండానే!

కంపెనీ మొదటి ఎలక్ట్రిక్ స్పానిష్ గిటార్ ఈఎస్-150 వచ్చింది 1936లో. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. గిటార్లు ఆపేశామని కంపెనీ చెప్పుకొన్నా, అదే ఫ్యాక్టరీలో ఆడవాళ్లు వేల సంఖ్యలో మామూలు గిటార్లు చేశారన్న సంగతి చాలా ఏళ్ల తర్వాతగానీ బయటికి రాలేదు. ఆ కాలపు గిటార్ల తల మీద చిన్న రిబ్బను బొమ్మలో ఓ ప్రచార వాక్యం అచ్చువేసి ఉంటుంది. అది కనిపిస్తే చాలు, యుద్ధకాలపు సరుకని చెప్పేస్తారు. అప్పట్లో అది ప్రకటన. ఇప్పుడది పుట్టినతేదీ ధ్రువపత్రం.

పాత గిటార్ వయసు పట్టుకోవడంలోని తమాషా అంతా ఇదే. చేసినవాళ్లు ఏనాడూ సాక్ష్యమని అనుకోనివే ఇప్పుడు సాక్ష్యాలు.

అమ్ముడుపోని బంగారం

1952లో గిబ్సన్ 'లెస్ పాల్' గిటార్‌ను తెచ్చింది. లెస్ పాల్ అప్పట్లో అమెరికాలో మారుమోగిన గిటారిస్టు. మహాగని చెక్క ఒళ్లు, దాని మీద మేపుల్ పలక, పైన బంగారు రంగు. అప్పటి కంపెనీ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ. అయితే పికప్‌లలో ఒక చికాకు ఉండేది. తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేది పికప్. అది చుట్టుపక్కల కరెంటు గురగురను కూడా పట్టుకునేది. కలమజూలోనే పుట్టిన సేత్ లవర్ అనే ఇంజినీరు రెండు తీగచుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ గురగురను చంపేశాడు. అదే 'హమ్‌బకర్'. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లకు బిగించారు.

1958లో బంగారు రంగు తీసేసి, మేపుల్ చెక్క నారలు కనిపించేలా మధ్యలో పసుపు, అంచుల్లో ఎరుపు అద్దారు. సూర్యాస్తమయం రంగన్నమాట. ధర 250 డాలర్ల చుట్టుపక్కల. ఎవరూ పెద్దగా కొనలేదు! బరువెక్కువ, పాతకాలపు వాలకం అన్నారు. మూడేళ్లలో పదిహేను వందల చిల్లర తయారుచేసి, 1960తో ఆపేశారు. 1961లో కొమ్ములున్న పల్చటి కొత్త ఆకారం వచ్చింది.

కథ అక్కడితో అయిపోవాల్సిందే. కానీ 1966లో ఇంగ్లండ్‌లో ఎరిక్ క్లాప్టన్, జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో ఆ వదిలేసిన గిటార్‌నే పెద్ద ఆంప్లిఫయర్‌కు తగిలించి వాయించాడు. కుర్రకారు వెర్రెత్తిపోయారు. పాత సరుకు కోసం వేట మొదలైంది. ఆ వేట ఇంకా ఆగలేదు. ఒకనాటి 250 డాలర్ల గిటార్, భాగాలేవీ మారకుండా ఉంటే ఇవాళ రెండున్నర లక్షల డాలర్లకు తక్కువకు దొరకడం కష్టం. రెండు కోట్ల రూపాయల పైమాటే.

నంబరు ఒక్కటే చాలదు

ఇంత డబ్బు చేతులు మారేటప్పుడు 'ఇది 1959దే' అని ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి?

మొదట చూసేది తల వెనుక నంబరు. 1953 నుంచి 1960 దాకా ఒంటి చెక్క గిటార్లకు సిరాతో ముద్ర వేసేవారు. మొదటి అంకె సంవత్సరం. 9తో మొదలైతే 1959, 0తో మొదలైతే 1960. సులువే కదా? 1961లో సిరా మానేసి, చెక్కలోకి నొక్కి నంబరు వేయడం మొదలెట్టారు. అక్కడి నుంచి గందరగోళం. 1960ల్లో ఒకే నంబరు రెండు, మూడు గిటార్ల మీద పడింది. అదీ వేర్వేరు సంవత్సరాల్లో! 1970 నుంచి నంబరు కింద 'మేడ్ ఇన్ యూఎస్ఏ' ముద్ర ఉంటుంది. అది ఉన్నదాన్ని ఎవరైనా 1965 నాటిదని అమ్మజూపితే నవ్వి ఊరుకోవచ్చు. 1977 నుంచి మాత్రం ఎనిమిది అంకెల నంబరులో సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో రోజో కూడా దాగి ఉంటాయి.

నంబరు తేల్చకపోతే వెనక మూత విప్పుతారు. లోపల వాల్యూమ్ కంట్రోళ్లుంటాయి, పాత రేడియోల్లో ఉండేవే. వాటి వీపున చిన్న అంకెలు. ఉదాహరణకు 134832 అని ఉందనుకుందాం. 134 అంటే సెంట్రలాబ్ కంపెనీ. 8 అంటే 1958. 32 అంటే ఆ ఏడాది ముప్పై రెండో వారం. గిటార్ ఈ తేదీకంటే పాతది కాలేదు. తర్వాతిది మాత్రం కావచ్చు, ఎందుకంటే విడిభాగాలు గోదాములో నెలల తరబడి పడుండేవి. కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీ 1966లో ఒకేసారి కుప్పలుగా కొని, 1960ల చివరిదాకా వాటినే వాడింది. ఫెండర్ గిటార్లతో ఇంకో సుఖముంది. వాటి మెడను మరమేకులతో బిగిస్తారు. నాలుగు మరలు విప్పితే మెడ అడుగున తేదీ కనిపించే అవకాశం ఉంది. గిబ్సన్ మెడ జిగురుతో అతికింది. విప్పడానికి లేదు.

ఇక పికప్ అడుగున ఓ చిన్న నల్ల కాగితం అంటించి ఉంటుంది. దాని మీద 'పేటెంటుకు దరఖాస్తు చేశాం' అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. ఆ మాటల తొలి అక్షరాలతోనే వాటికి 'పీఏఎఫ్' అని పేరొచ్చింది. సేత్ లవర్ 1955లో దరఖాస్తు పెడితే పేటెంటు వచ్చింది 1959లో. అయినా పాత కాగితాలు అయిపోయేదాకా, 1962 ప్రాంతం వరకు అవే అంటించారు. తర్వాత పేటెంటు నంబరు వేసిన కాగితం వచ్చింది. ఆ నంబరు చూస్తే 2,737,842. తీరా అది పికప్‌ది కాదు, లెస్ పాల్ పేరుమీదున్న తీగల బిగింపు కమ్మీది! పోటీదారులు కాపీ కొట్టకుండా కావాలని దారి తప్పించారని కొందరు, ఆఫీసులో పొరపాటని కొందరు అంటారు. ఏదైతేనేం, తప్పు నంబరే ఇప్పుడు అసలుకు గుర్తు. రూపాయి నోటులో అచ్చుతప్పు ఉంటే ధర పెరగడం మనకూ తెలిసిందేగా.

రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. 1958, 59లలో వాడిన ఎరుపు రంగు ఎండకు ఆగేది కాదు. కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు వేలాడిన గిటార్లు నిమ్మపండు పసుపులోకో, తేనె రంగులోకో దిగిపోయాయి. ఫిర్యాదులు రావడంతో 1960లో వెలవని ఎరుపు వాడారు. ఇప్పుడు వెలిసినవాటికే గిరాకీ. చీకటి గదిలో అతినీల కిరణాల దీపం వేస్తే పాత లక్కర్ పచ్చగా మెరుస్తుంది. మధ్యలో నల్లటి మచ్చ కనిపించిందంటే అక్కడ ఎవరో తర్వాత బ్రష్షో స్ప్రేనో కొట్టినట్టు. పెళ్లిచూపుల్లో పౌడరు దాచిన మచ్చ ఆ దీపానికి దొరికిపోతుంది.

ఇంకో సాక్ష్యం మన దేశం దాకా వస్తుంది. తీగలను అదిమి పట్టే పలక, అంటే మెట్లు బిగించే చోటు (వీణకు మెట్లున్నట్టే గిటార్‌కూ మెట్లే), 1960ల మధ్య వరకు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసేవారు. ఆ చెక్క దొరకడం కష్టమయ్యాక భారతదేశపు రోజ్‌వుడ్ వచ్చింది. తెలుగునాట జిట్రేగి అంటారే, ఆ చెట్టే. మంచి గిటారే అయినా జిట్రేగి పలక కనిపిస్తే పెద్ద ధర చెప్పేవాడి గొంతు కాస్త తగ్గుతుంది. నాదంలో తేడా ఉందా అంటే కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లు తక్కువే. అది ధరకు సంబంధించిన తేడా, చెవికి కాదు. బ్రెజిల్ చెక్కకు 1992లో అంతర్జాతీయ రక్షణ వచ్చింది. అమెరికాలో స్థిరపడ్డవాళ్లు అలాంటి గిటార్‌ను అమ్మకానికి సరిహద్దు దాటించాలంటే, చెక్క ఆ నిబంధనకంటే పాతదని చూపే పత్రం తెచ్చుకోవాలి.

అన్నట్టు, మన ఊళ్లలో సంగీత వాద్యాల కొట్లలో దొరికే 'గివ్‌సన్' గిటార్లు చూసి ఉలిక్కిపడొద్దు. అది మన దేశపు కంపెనీయే. నేర్చుకోవడానికి ఎందరికో తొలి గిటార్ అయింది కానీ, కోట్ల లెక్క దానిది కాదు.

విరిగిన తల, తిరిగిన అయస్కాంతం

వయసు తేలాక విలువ. ఇక్కడ లెక్కలు నిర్దయగా ఉంటాయి. తిరిగి రంగేస్తే ధర సగం. తల విరిగి అతికిస్తే, ఎంత బాగా అతికినా, సగానికి అటూఇటూ. గిబ్సన్ తల వెనక్కి వాలి ఉంటుంది, మెడ ఒకే మహాగని ముక్క. స్టాండు మీంచి వెనక్కి పడితే అక్కడే పుటుక్కుమంటుంది. బిరడలు మారిస్తే కొంత, టంకం ఊడదీసి మళ్లీ పెడితే కొంత పోతుంది. అసలు పెట్టె ఉంటే (పైన గోధుమరంగు, లోపల గులాబీరంగు మెత్త) కొంత కలుస్తుంది.

ఈ లెక్కలు మంచివాళ్ల చేత కూడా పాడుపని చేయిస్తాయి. 1957 నాటి బంగారురంగు గిటార్లకూ హమ్‌బకర్లే. వాటి రంగు గీకి సూర్యాస్తమయం రంగు వేస్తే చూపులకు 1959 అయిపోతుంది. మార్చిందని చెప్పి అమ్మితే తప్పులేదు, చెప్పకపోతే మోసం. పట్టిచ్చేది మళ్లీ చెక్కే. బంగారు రంగు కింద ఎలాగూ కనిపించదని, మేపుల్ ముక్కలను ఎక్కడ పడితే అక్కడ అతికించేవారు. సూర్యాస్తమయం రంగువాటికి మాత్రం ఒకే చెక్కను రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు సరిగ్గా నడుమ కలిపారు. ఆ నారల వరసలు వేలిముద్రల్లాంటివి. రెండు గిటార్లవి ఒకేలా ఉండవు. దొంగిలించిన గిటార్ ఎన్నేళ్లకు బయటపడినా పాత ఫొటోతో పోల్చి పట్టుకోవచ్చు.

అంతకంటే బాధాకరమైనది మరోటుంది. అసలు పీఏఎఫ్ పికప్ ఒక్కటే వేల డాలర్లు పలుకుతుంది. దాంతో ఆ కాలపు పెద్దగా పేరులేని జాజ్ గిటార్ల నుంచి పికప్‌లు పీకేసి అమ్ముకున్నారు. అరవై ఏళ్లు నిక్షేపంగా మోగిన వాద్యం విడిభాగాల కుప్ప కావడం న్యాయమేనా? పాత బంగ్లాను తలుపుల కోసం కూల్చినట్టుంది.

ఈ నిబంధనలన్నీ ఒకే ఒక్క చోట తలకిందులవుతాయి. పేరున్న చేయి పడితే చాలు. బ్రిటిష్ గిటారిస్టు పీటర్ గ్రీన్ దగ్గరున్న 1959 లెస్ పాల్‌లో ఒక పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేది. మామూలుగా అయితే అది లోపం. కానీ దానివల్ల వచ్చే ముక్కుతో పలికినట్టుండే నాదం ఆయన సంతకం అయింది. ఆ గిటార్ గ్యారీ మూర్‌కు చేరి, 2006లో ఆయన అమ్మేశాక, 2014లో మెటాలికా బృందంలోని కిర్క్ హామెట్ చేతికొచ్చింది. ఎవరూ ఆ అయస్కాంతాన్ని సరిచేయరు! పింక్ ఫ్లాయిడ్‌కు చెందిన డేవిడ్ గిల్మర్ నల్ల ఫెండర్ సంగతి మరీ విచిత్రం. దాని మెడ, పికప్‌లు ఎన్నిసార్లు మార్చాడో లెక్కేలేదు. అమ్మకందారుల సూత్రం ప్రకారం చవగ్గా పోవాలి. 2019 జూన్‌లో న్యూయార్క్ వేలంలో 39.75 లక్షల డాలర్లు పలికింది.

ఫ్యాక్టరీ తలుపు మూశాక

1969లో కంపెనీ కొత్త యాజమాన్యం చేతిలోకి వెళ్లింది. 1970ల మధ్యలో దక్షిణాన నాష్‌విల్‌లో మరో ఫ్యాక్టరీ తెరిచారు. పని క్రమంగా అటు తరలి, 1984లో పార్సన్స్ స్ట్రీట్ తలుపులు మూతపడ్డాయి. నాష్‌విల్ వెళ్లడానికి ఇష్టపడని కొందరు పాత ఉద్యోగులు 1985లో అదే భవనంలో, మిగిలిపోయిన యంత్రాలతోనే 'హెరిటేజ్' పేరిట గిటార్లు చేయడం మొదలుపెట్టారు. మెడను తిరిగే సానపట్టీకి ఆనించి, చేతి అంచనాతో నున్నగా చేసే పద్ధతిని ఇక్కడి పనివాళ్లు తరం నుంచి తరానికి నేర్చుకున్నారు. 1959 మెడలు ఒకదానిలా ఒకటి ఉండవని కొనేవాళ్లు మురిసిపోతారే, దాని వెనకున్న రహస్యం ఈ చేతి అంచనాయే. ఆ పూట సానపట్టిన మనిషి అరచేతి కొలత అది.

ఆ చేతులకు దక్కింది అప్పటి జీతం మాత్రమే. 250 డాలర్ల గిటార్ రెండున్నర లక్షలైన లాభంలో ఈ ఊరికి పైసా రాలేదు. ఎవరు ఏ గిటార్ చేశారో కాగితాల్లో లేదు. షిప్పింగ్ పుస్తకాల్లో ఉన్నవి అంకెలే.

ఇంతకూ అటక మీద గిటార్ దొరికితే ఏం చేయాలి? పొడిబట్టతో దుమ్ము దులపండి, అంతే. నంబరు, తల ముందూ వెనకా, లోపలి అంకెలు ఫొటో తీసుకోండి. పెట్టెలో ఉన్న పాత బిల్లు, చిరిగిన బెల్టు, తాతగారు వాయిస్తున్న నలుపు తెలుపు ఫొటో... ఏదీ పారేయొద్దు. పెట్టెతో సహా తెలిసిన మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. కొంటానన్న మనిషే ధర కూడా చెబితే, ఇంకొకరిని అడగండి.

ఆ తెలిసిన మనిషి కూడా ఒకచోట ఆగిపోతాడు. పీఏఎఫ్ పికప్ లోపలి చుట్టల ప్లాస్టిక్ సాధారణంగా నలుపే. 1959 ప్రాంతంలో నల్లది చాలక కొన్నిటికి మీగడ రంగు వాడారు. రెండు చుట్టలూ మీగడ రంగువైతే ధర అమాంతం పెరుగుతుంది. కానీ అవి ఏ రంగువో పూర్తిగా కనిపించాలంటే పైనున్న లోహపు మూత ఊడదీయాలి. మూత తీయాలంటే కంపెనీలో పెట్టిన టంకం విరగ్గొట్టాలి. టంకం విరిగితే ధర పడిపోతుంది. నలుపో మీగడో తెలియకుండానే చాలామంది పికప్‌ను దాని గూట్లో మళ్లీ పెట్టి, నాలుగు మరలూ బిగించేస్తారు.